పరీక్షకు పోతే ఏం బయటపడుతుందోనని భయం

జగిత్యాల వైపు ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయొద్దన్నారు, రాయడం లేదు. వయసు 41. ఇంట్లోనే మిషన్ కుడతారు. భర్త ఆరేళ్ళు దుబాయ్‌లో పనిచేసి వచ్చేసి, ఇప్పుడు ఊళ్ళోనే ఆటో నడుపుతున్నారు. కొడుకు ఇంటర్, కూతురు ఎనిమిదో తరగతి. అత్తగారు వీళ్ళ దగ్గరే ఉంటారు.

నిరుడు ఆవిడ సొంత అక్క గర్భసంచి మూతి క్యాన్సర్‌తో చనిపోయింది. తెలిసేసరికే మూడో స్టేజీ. చావు ఇంట్లోనే ఎవరో "ఎట్ల తిరిగిందో ఏమో, ఊకెనే వస్తదా గా రోగం" అన్నారట, ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉందంటున్నారు. అది జరిగిన కొన్నాళ్ళకు ఏఎన్ఎం ఇంటికొచ్చి 30 దాటిన ఆడవాళ్ళందరూ ఈ క్యాన్సర్ పరీక్షకు రావాలని చీటీ ఇచ్చి పోయింది. ఈవిడ ఆ చీటీని కుట్టుమిషన్ సొరుగులో పెట్టారు. రెండోసారి వచ్చినప్పుడు కస్టమర్ బ్లౌజు అర్జంటని చెప్పి పంపేశారు. భర్తను అడిగితే "నీకేం రోగం ఉందని పోతవ్?" అన్నారు. అత్తగారైతే "ఆళ్ళు లోపల చూసిన్రంటే గర్భసంచి తీసెయ్యాలనే అంటరు, నేను చూళ్ళేదా ఎంతమందిని" అని గట్టిగానే అడ్డం పడ్డారు.

వాళ్ళ మాటలు సాకు మాత్రమేనని ఉత్తరంలో తనే ఒప్పుకున్నారు. కొడుకు పుట్టినప్పుడు కాన్పు గదిలో నొప్పులతో కాళ్ళు దగ్గరికి లాక్కుంటే అక్కడి నర్సు "మొగుడి దగ్గర లేని సిగ్గు ఇప్పుడెందుకే" అని తొడ మీద కొట్టింది. ఆ బల్ల తలుచుకుంటే ఇప్పటికీ కాళ్ళు వణుకుతాయట. ఇంకోటి, ఎవరికీ చెప్పనిది: ఈ క్యాన్సర్ వైరస్ వల్ల వస్తుందని, అది కలవడం వల్ల అంటుకుంటుందని ఫోన్లో ఎక్కడో చూశారు. "నాకు పాజిటివ్ వస్తే ఆయన నన్ను అనుమానించాలా, నేను ఆయన దుబాయ్ ఆరేళ్ళను అనుమానించాలా? తెలియకపోతేనే సంసారం బాగుంటది కదా" అని అడిగారు. అన్నీ అయ్యాక చివర రెండు లైన్లు: అత్తగారికి ముట్లు ఆగి పదేళ్ళు దాటింది, ఈ మధ్య బట్టలకు రక్తం మరకలు కనిపిస్తున్నాయి, ఎవరికీ చెప్పొద్దని ఈవిడ చేత ఒట్టు వేయించుకున్నారు.

అమ్మా, ఆ చివరి రెండు లైన్లతోనే మొదలుపెడతాను. మీ ఉత్తరం మొత్తంలో ఆలస్యం చేయకూడనిది అదొక్కటే.

ముట్లు పూర్తిగా ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా డాక్టర్ చూడాల్సిందే, అది ఎంత కొంచెమైనా సరే, ఒకసారి కనబడి ఆగిపోయినా సరే. ఇలా మరకలు కనబడినవాళ్ళలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. వయసు మీద పడ్డాక లోపలి పొర పలచబడి కూడా రక్తం వస్తుంది, చిన్న పాలిప్ ఉన్నా వస్తుంది. కానీ ఏది ఎందుకు వచ్చిందో చూడకుండా చెప్పలేరు. ఏఎన్ఎం పిలుస్తున్న పరీక్ష కూడా ఆమెకు సరిపోదు. అది ఏ ఇబ్బందీ లేనివాళ్ళకు ముందుజాగ్రత్తగా చేసేది. మీ అత్తగారికి ఇబ్బంది ఉంది కాబట్టి ఆమెను ఆడవాళ్ళ డాక్టర్ చూడాలి, స్కానింగ్ తీయాలి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఈ వారం కాకపోతే వచ్చే వారం, అంతకంటే ఆలస్యం వద్దు.

ఒట్టు సంగతి మీరే తేల్చుకోవాలి. ఆమెతోనే నేరుగా మాట్లాడి "ఎవరికీ చెప్పను గానీ నాతో రా" అనొచ్చు, అలా అయితే మాట నిలబడుతుంది, కానీ ఆమె మొండికేస్తే రోజులు పోతాయి. బీపీ చూపించుకోవాలనే పేరుతో జగిత్యాలకు తీసుకెళ్ళి అక్కడ డాక్టర్‌కు చెప్పొచ్చు, పని అవుతుంది గానీ తరవాత కోడలు మోసం చేసిందని నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. లేదా మీ ఆయనకు చెప్పాలి. తల్లి సంగతి కాబట్టి ఆయన కదులుతారు, కానీ ఆమె మీతో చెప్పుకునే దారి మూసుకుపోతుంది. నేనైతే మొదటిదానికి రెండు మూడు రోజులు చూసి, కాకపోతే ఒట్టు పక్కన పెడతాను. ఇంకోటి గమనించారా? "గర్భసంచి తీసేస్తరు" అని మీ మీద అరుస్తున్న మనిషికే లోపల రక్తం కనిపిస్తోంది. ఆమె మిమ్మల్ని ఆపుతున్నది తన భయంతోనే అని నాకు అనిపిస్తోంది. మీరు పరీక్షకు పోతే తర్వాత వంతు తనదే అవుతుంది కదా.

ఆమె భయం ఊరికే పుట్టింది కూడా కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. తెల్లబట్ట అవుతోందన్నా, నడుము నొప్పన్నా, పిల్లలు పుట్టేశారు ఇంకెందుకు తీసేద్దాం అన్న ఆసుపత్రులు మన దగ్గర తక్కువేం కాదు. ప్రతి వాడకట్టులో అలాంటి కథ ఒకటి ఉంటుంది. అందుకే మీ అత్తగారిని మూఢనమ్మకం అని కొట్టిపారేయకండి. అయితే ఆ అనుభవానికీ ఈ పరీక్షకూ మధ్య తేడా మాత్రం మీకు తెలియాలి. ఈ పరీక్షలో వెతికేది క్యాన్సర్ రాకముందు మార్పుల్ని. అవి దొరికితే గర్భసంచి మూతి మీద ఆ చోటును మాత్రమే వేడితోనో చలితోనో మాడ్చేస్తారు, లేదా కరెంటు తీగతో ఆ పైపొరను కొంచెం తీసేస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వచ్చేస్తారు, గర్భసంచి అలాగే ఉంటుంది. అక్కడ ఎవరైనా హడావుడిగా "తీసేద్దాం" అంటే అడ్వాన్సు కట్టకండి, ముక్క పరీక్ష రిపోర్టు కాగితం మీద చూపించమనండి, తీయకుండా వేరే దారి ఉందా అని అడగండి, ఆ కాగితం తీసుకుని ఇంకో డాక్టర్ దగ్గరకో, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్ళండి. నిజంగా క్యాన్సర్ అయితే ఆరోగ్యశ్రీలో వైద్యం ఉంది.

ఇప్పుడు వైరస్ సంగతి. మీరు ఫోన్లో చూసింది నిజమే, సగం నిజం. దాని పేరు హెచ్‌పీవీ. దాదాపు ఈ క్యాన్సర్లన్నిటికీ అదే కారణం, దాన్ని కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ కూడా ఇచ్చారు. కలవడం వల్ల వస్తుంది, అదీ నిజమే. మీరు చదివినచోట చెప్పని మిగతా సగం ఏమిటంటే, కాపురం చేసే ఆడా మగా చాలామందికి ఇది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది, ఏ ఇబ్బందీ తెలియకుండానే ఎక్కువమందిలో రెండేళ్ళలోపు దానంతట అదే పోతుంది. ఒక్క భర్తతో తప్ప ఇంకెవరితోనూ లేని ఆడవాళ్ళకు కూడా వస్తుంది. కొందరిలో మాత్రం పోకుండా ఉండిపోతుంది, అలా ఉండిపోయింది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15, 20 ఏళ్ళు పడుతుంది. కాబట్టి ఈ రోజు పాజిటివ్ వచ్చిందంటే ఆ వైరస్ నిరుటిదా, దుబాయ్ రోజులదా, పెళ్ళైన కొత్తదా, పెళ్ళికి ముందు ఆయనకు ఉన్నదా అనేది ఏ డాక్టరూ చెప్పలేరు. మగవాళ్ళను పట్టుకెళ్ళి "ఈయనకు ఉందా" అని తేల్చే ఆమోదం పొందిన పరీక్ష కూడా లేదు.

అందుకే మీ ఆయన దుబాయ్ ఆరేళ్ళ గురించి అడగాలని ఉంటే అడగండి, భార్యగా అది మీ హక్కు. అడగకుండా వదిలేయడం కూడా మీ ఇష్టమే, చాలా సంసారాలు అలా కొన్ని ప్రశ్నలు అడక్కుండానే నడుస్తాయి. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఈ ల్యాబ్ కాగితంలో వెతకకండి, ఆయన్నీ వెతకనివ్వకండి, అది ఆయన వైపూ మీ వైపూ ఎవరి వైపూ సాక్ష్యం చెప్పదు. అనుమానం మరీ తొలిచేస్తుంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితంగా, గుట్టుగా చేస్తారు, దానికి వేరే రోజు వెళ్ళండి. మీ అక్క గురించి అన్న మాటకు కూడా ఇదే జవాబు. ఆ మాట అన్న మనిషికి ఆ వైరస్ గురించి ఏమీ తెలియదు, చచ్చిపోయిన మనిషి తిరిగి సమాధానం చెప్పలేదని మాత్రం తెలుసు.

ఇక్కడ మీకు ఉపయోగపడే సంగతి ఒకటి ఉంది, ఏఎన్ఎం కూడా మీకు చెప్పి ఉండకపోవచ్చు. పరీక్ష ఒకటే రకం కాదు. మీకున్న రెండు పెద్ద భయాల్లో, అంటే ఆ బల్ల భయం, 'వైరస్' అనే మాట కాగితం మీద కనబడుతుందనే భయం, ఈ రెండిట్లో ఏది ఎక్కువో చూసుకుని పరీక్ష ఎంచుకోవచ్చు.

పీహెచ్‌సీల్లో సాధారణంగా చేసేది వీఐఏ. బల్ల మీద పడుకోవాలి, స్పెక్యులం (లోపల కనబడేలా తెరిచి పట్టే పరికరం) పెట్టి గర్భసంచి మూతికి వెనిగర్ లాంటి పలచటి ఆమ్లం అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు, మార్పు ఉన్నచోట తెల్లగా కనిపిస్తుంది. అంతా కలిపి కొన్ని నిమిషాలే, ఫలితం అప్పుడే చెప్పేస్తారు, డబ్బు ఖర్చు లేదు. ఇందులో వైరస్ పరీక్ష లేనే లేదు, కాబట్టి ఇంట్లో ఎవరికీ ఆ మాట వివరించే పని ఉండదు. చూడటానికి చాలా మామూలుగా ఉన్నా తక్కువ చేయకండి: ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ వాళ్ళు దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్ళతో చేసిన అధ్యయనంలో, పదో తరగతి చదివిన స్థానిక మహిళలకు నేర్పించి ఈ పరీక్షే చేయిస్తే ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. లోపం ఏమిటంటే మనిషి కంటితో చూసేది కాబట్టి ఏమీ లేనిచోట ఉందనిపించడం, ఉన్నది తప్పిపోవడం రెండూ జరుగుతాయి. అందుకే ప్రతి ఐదేళ్ళకు మళ్ళీ చేయించుకోవాలి. పాప్ స్మియర్ కూడా బల్ల మీదే, బ్రష్‌తో కొన్ని కణాలు తీసి ల్యాబ్‌కు పంపుతారు, ఫలితానికి కొన్ని రోజులు ఆగాలి.

హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష వీటికంటే గట్టిది. నెగటివ్ వస్తే ఐదేళ్ళు, అంతకంటే ఎక్కువ కూడా నిశ్చింతగా ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. దీనికి శాంపిల్ మీ అంతట మీరే, తలుపు వేసుకుని చిన్న బ్రష్‌తో తీసుకునే వీలు ఉంది, ఎవరూ చూడరు, ఎవరూ ముట్టుకోరు. మీకు బల్లే పెద్ద భయం అయితే ఇది మీకోసమే. కానీ ఇది అన్నిచోట్లా దొరకదు, ప్రైవేటు ల్యాబుల్లో డబ్బు బాగానే అవుతుంది, ఎంతో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పైగా పాజిటివ్ వస్తే ఆ మాట కాగితం మీద ఉంటుంది, అప్పుడు మిగతా పరీక్షకు ఎలాగూ బల్ల ఎక్కాలి. చూశారుగా, ఒక్కో పరీక్ష ఒక భయాన్ని తప్పించి ఇంకోదాన్ని ఎదురుగా పెడుతుంది. మీరు రాసిన తీరు చూస్తే నాకు బల్ల భయమే పెద్దదనిపించింది, పొరపడి ఉండొచ్చు.

వీఐఏనే అనుకుంటే ఆ గదిని కొంచెం మీ చేతిలోకి తెచ్చుకునే మార్గాలున్నాయి. తెలంగాణలో 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' అని మంగళవారాల్లో ఆడవాళ్ళ కోసమే క్లినిక్కులు మొదలుపెట్టారు, సిబ్బంది అంతా ఆడవాళ్ళే. మీకు దగ్గర్లో ఎక్కడ నడుస్తోందో ఆ ఏఎన్ఎంనే అడగండి. పోయేరోజు చీర కట్టుకోండి, చుడీదార్ అయితే విప్పాలి, చీరైతే పైకి తీస్తే చాలు, మీద దుప్పటి కప్పమని అడగొచ్చు. ముట్టు రోజుల్లో వద్దు, ముందు రెండు రోజులు కలవకుండా ఉండండి. లోపలికి వెళ్ళగానే, పడుకోకముందే, "నాకు కాన్పప్పుడు కొట్టారు, అప్పటి నుంచి భయం, ఆపమంటే ఆపండి" అని చెప్పండి. ఈ వాక్యం చెప్పడానికే గొంతు రాదేమో, అలా అయితే చీటీ మీద రాసి చేతికివ్వండి. మంచి నర్సయితే అక్కడి నుంచి ఆమె చేతుల తీరే మారిపోతుంది. విసుక్కుంటే లేచి వచ్చేయండి, ఆ రోజు పరీక్ష కాకపోయినా ఫరవాలేదు, లేచి రావచ్చని మీకు తెలియడం కూడా ముఖ్యమే. ఆ రోజుల్లో కాన్పు గదిలో మీకు జరిగింది తప్పు, ఆ నర్సు తప్పు, సిగ్గుపడాల్సింది మీరు కాదు.

మీ ఆయనకు చెప్పాలా వద్దా? మీరు పెద్దమనిషి, ఈ పరీక్షకు భర్త సంతకం అక్కర్లేదు. చెప్పకుండా వెళ్ళి రావచ్చు, నెగటివ్ వస్తే కథ అక్కడితో అయిపోతుంది, పాజిటివ్ వస్తే మాత్రం వైద్యం కోసం ఎలాగూ చెప్పాలి, అప్పుడు "నాకు తెలియకుండా ఎందుకు పోయినవ్" అనేది ముందు గొడవ అవుతుంది. ముందే చెబితే రెండు రోజులు నస ఉంటుంది. "నీకేం రోగం ఉందని" అంటే "అక్కకు కూడా ఏం లేదనే అనుకున్నం" అనొచ్చు, దానికి ఆయన దగ్గర జవాబు ఉంటుందనుకోను. 2019–21 సర్వే ప్రకారం మన దేశంలో 30–49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్ళు 2 శాతం కూడా లేరు. రోగం లేనప్పుడు పోవడం ఏమిటి అనే మాట మీ ఇంట్లో ఒక్కచోటే వినబడేది కాదు. రోగం లేనప్పుడు చేస్తేనే ఈ పరీక్షకు అర్థం, నొప్పి, రక్తం, వాసన మొదలయ్యాక చేసేది వేరే.

ఏమీ చేయకుండా ఇంకో రెండేళ్ళు వాయిదా వేయడం కూడా ఒక దారే, అది మీ చేతిలో ఉంది. 41 ఏళ్ళకు ఏ ఇబ్బందీ లేదంటున్నారు కాబట్టి రేపే కొంప మునిగిపోతుందని నేను అనను. ఇది తల్లి నుంచి, అక్క నుంచి రక్తంలో వచ్చే జబ్బు కూడా కాదు, ఆమెకు వచ్చింది కాబట్టి మీకూ వస్తుందని లేదు. కానీ వాయిదా అంటే తేదీ ఉండాలి. సొరుగులో పెట్టిన చీటీకి తేదీ లేదు, అది వద్దనుకోవడమే, మీరు ఆ మాట పైకి అనలేదంతే. వాయిదా వేస్తే ఎప్పటిదాకానో ఏఎన్ఎంకే చెప్పండి, "దసరా అయినంక వస్తా" అనండి. ఈలోగా కలిశాక రక్తం కనబడినా, ముట్టు కాని రోజుల్లో మరకలు వచ్చినా, వాసనతో తెల్లబట్ట అయినా వాయిదా అక్కడితో రద్దు, అత్తగారిలాగే నేరుగా డాక్టర్ దగ్గరికే.

మీ పాప గురించి మీరు అడగలేదు గానీ ఎనిమిదో తరగతి అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఈ వైరస్‌కు టీకా ఉంది, 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేస్తే బాగా పనిచేస్తుంది, మన దేశంలోనే సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిన సెర్వావ్యాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా ఖమ్మం మాట ఎత్తుతారు. 2009లో ఖమ్మం జిల్లాలో ఈ టీకా ప్రయోగాత్మకంగా వేశారు, కొందరు ఆడపిల్లలు చనిపోయారని గొడవై 2010లో ఆపేశారు. విచారణలో ఆ చావులకు టీకా కారణమని తేలలేదు. కానీ చాలామంది పిల్లలకు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది, గిరిజన పిల్లల విషయంలో అంత నిర్లక్ష్యంగా ఉన్నాక జనం నమ్మకపోవడంలో వింతేముంది. మీ పాప విషయంలో సంతకం మీదే. టీకా ఎక్కడ వేస్తారో, మీకు ఖర్చు ఎంతవుతుందో మీరు పరీక్షకు పోయినరోజో, అత్తగారిని తీసుకెళ్ళినరోజో డాక్టర్‌ను అడిగేయండి, మళ్ళీ ఇంకో ప్రయాణం తప్పుతుంది. పెళ్ళికాని పిల్లకు ఆ టీకా ఎందుకని అత్తగారు అడ్డం పడితే, పెళ్ళికి ముందే వేయాలి కాబట్టే ఈ వయసులో వేస్తారని చెప్పండి. ఆమెకు కోపం వస్తే రానీయండి, ఆమె రిపోర్టులు చేతికొచ్చాక ఆ మాట మళ్ళీ తీయొచ్చు.